ఆడలేకా, మద్దెల ఓడా?

2024 మే నెలలో ఒక ఆదివారం, భోజనాల దగ్గర మావాడు కారు మారుస్తానన్నాడు. అప్పటికి వాడికి 23 ఏళ్ళు, ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఉన్నది పదేళ్ళ హోండా సివిక్, 140 హార్స్‌పవర్ చిల్లర. కొంటానన్నది 400 హార్స్‌పవర్ పైమాటే. అప్పు 45 వేల డాలర్లు. "ఈ కారుతో ట్రాక్ మీదకి వెళ్తే అందరూ నన్ను దాటేసి పోతున్నారు నాన్నా" అన్నాడు. నేను పప్పన్నం కలుపుకుంటూ "ఆడలేక మద్దెల ఓడు అందిట వెనకటికొకావిడ" అన్నాను. మావాడికి తెలుగు అర్థమవుతుంది గానీ సామెతలు అందవు. అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. పెరుగన్నం తినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

"అర్థం చెప్పకుండా ఊరుకుంటే ఏం పోయేది?" అంది మా ఆవిడ.

నేను 28 ఏళ్ళుగా డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల బ్రేకుల మీదే పనిచేస్తున్నాను. అందుకని మా ఇంట్లో కార్ల విషయంలో తీర్పు చెప్పే హక్కు నాదేనని నాకొక నమ్మకం. అయితే నేను బ్రేకు తొక్కింది టెస్టు బెంచీల దగ్గరా, ఆఫీసుకి వెళ్ళే దారిలోనూ మాత్రమే. ట్రాక్ మీద ఏనాడూ తొక్కలేదు. మావాడు అలిగాడని కాదు గానీ, చూడని విషయం మీద తీర్పు చెప్పానన్న సంగతి రెండు రోజులు లోపల గుచ్చింది. జూన్‌లో వాడితో పాటు నేనూ బయల్దేరాను.

మన పిల్లల్లో ఈ సరదా పెరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. శని, ఆదివారాల్లో ఏదో ఒక క్లబ్బువాళ్ళు రేసు ట్రాక్‌ని అద్దెకి తీసుకుంటారు. మనం రోజూ తిరిగే కారుతోనే వెళ్ళచ్చు. హెల్మెట్ ఉండాలి. పొద్దున్నే కారు తనిఖీ చేస్తారు. కొత్తవాళ్ళ పక్క సీట్లో ఒక ఇన్‌స్ట్రక్టరు కూర్చుంటారు. ముందు కారువాడు చెయ్యి బయట పెట్టి "ఇటు నుంచి పో" అని చూపిస్తేనే దాటాలి, అదీ వాళ్ళు చెప్పిన చోటే. పందెం లేదు, బహుమతి లేదు, క్లబ్బువాళ్ళు టైము కూడా లెక్కపెట్టరు. కుర్రాళ్ళు మాత్రం ఫోన్‌లో లెక్కపెట్టుకుంటారనుకోండి. తల్లిదండ్రులకి ఇంకొక్క మాట: మామూలు కారు ఇన్సూరెన్సు ట్రాక్ మీద జరిగిన నష్టానికి సాధారణంగా చెల్లదు. పాలసీ కాగితాలు ఒకసారి చదివించండి.

మావాడికి ఇన్‌స్ట్రక్టరుగా వచ్చినావిడకి అరవై దాటాయి. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ సొంత కారు మొదటి తరం మాజ్దా మియాటా, 116 హార్స్‌పవర్. పొద్దున సెషన్‌లో ఆవిడ ఆ చిన్న కారుతో మూడింతల బలమున్న కార్లని ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వస్తుంటే, నేను కంచె పట్టుకుని నా సామెతకి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం మావాడే అడిగి ఆవిడ చేత తన సివిక్‌ని నడిపించుకున్నాడు. అదే కారు, అవే టైర్లు, అదే పెట్రోలు. మావాడు చుట్టు తిరగడానికి 2 నిమిషాల 6 సెకన్లు పడుతోంది. ఆవిడకి పట్టింది 1 నిమిషం 55. తర్వాత వాడి స్నేహితుడు తన 400 హార్స్‌పవర్ కారు తాళం ఇచ్చాడు (ఆ వయసులో అలాగే ఇచ్చేస్తారు). దాంట్లో మావాడికి 2 నిమిషాల 3 సెకన్లు. అంటే వేలకి వేలు పోసి రెండింతల పైన బలం కొంటే వచ్చేది 3 సెకన్లు, డ్రైవింగు నేర్చుకుంటే వచ్చేది 11. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ 11 సెకన్లు ఎక్కడినుంచి వచ్చాయో మావాడికి ఒక కవరు వెనక లెక్క వేసి చూపించాను. ఒక 90 డిగ్రీల మలుపు తీసుకోండి. లోపలి అంచు వ్యాసార్ధం 20 మీటర్లు, రోడ్డు వెడల్పు 10 మీటర్లు. మనందరం వీధుల్లో నడిపినట్టు రోడ్డు మధ్యలోంచి తిరిగితే కారు గీసే వంపు వ్యాసార్ధం 25 మీటర్లు. మామూలు టైరు పట్టుతో ఆ వంపులో గంటకి 35 మైళ్ళు మించి పోలేం, మించితే జారుతుంది. అదే, బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు మధ్యలో లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటి అంచుకి వదిలేస్తే ఆ వంపు దాదాపు 50 మీటర్ల వ్యాసార్ధానికి విచ్చుకుంటుంది. ఇప్పుడు 49 మైళ్ళ దాకా పోవచ్చు. పైసా ఖర్చు లేదు. రోడ్డు మధ్యలోంచే పోతూ ఆ వేగం కావాలంటే టైరు పట్టు రెట్టింపు కావాలి. బజార్లో ఏ రోడ్డు టైరూ అంత ఇవ్వదు.

రెండోది బ్రేకు, అంటే నా సొంత వ్యవసాయం. గంటకి 100 మైళ్ళ నుంచి 50కి దిగడానికి మంచి టైర్లతో సుమారు 76 మీటర్లు చాలు. 110 నుంచి దిగాలంటే 98 మీటర్లు కావాలి. వేగం పెరిగింది పది మైళ్ళే, దూరం పెరిగింది ఇరవై మీటర్ల పైన. బలమైన కారులో మావాడు ఈ తేడా చూసి హడలిపోయి, కావలసినదానికన్నా ఎంతో ముందే బ్రేకు తొక్కి, మలుపు దాకా దేకుతూ వెళ్ళాడు. తిన్నటి రోడ్డు మీద ఇంజను సంపాదించిపెట్టినదంతా అక్కడే పారబోశాడు.

ఇంకొకటుంది, అది లెక్కకి అంత తేలిగ్గా లొంగదు. ఒక్కో టైరు నేలని తాకేది మన అరచేతి మేర. నాలుగు అరచేతుల మీద ఒకటిన్నర టన్ను బరువు. ఆ పట్టు నెల జీతం లాంటిది. అంతా బ్రేకుకి ఖర్చుపెడితే తిరగడానికి మిగలదు, అంతా తిరగడానికి పెడితే బ్రేకుకి మిగలదు. బ్రేకు వదులుతూ ఆ వదిలిన మేరకే స్టీరింగ్ తిప్పడం, చివరి పైసా దాకా వాడుకుని అప్పుల్లో పడకపోవడం, అదే నేర్పు. మావాడు మలుపు మధ్యలో భయపడి ఒక్కసారిగా కాలు తీసేస్తుంటే బరువంతా ముందు చక్రాల మీదకి వచ్చి వెనక చక్రాలు తేలిపోతున్నాయి. "భయపడాలనుకుంటే మలుపుకి ముందే భయపడు, మధ్యలో వద్దు" అని ఆవిడ చెప్పారట. ఈ మాట నాకు పెళ్ళికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇంతవరకూ బాగానే ఉంది. కవరు మడిచి జేబులో పెట్టుకుంటుండగా మావాడు "ఇంకో గడి మిగిలిపోయింది కదా నాన్నా" అన్నాడు. స్నేహితుణ్ణి బతిమాలి, ఆ పెద్ద కారుని కూడా ఆవిడ చేత నడిపించాడు. 1 నిమిషం 43 సెకన్లు! సివిక్‌లో ఆవిడకి పట్టినదానికన్నా 12 సెకన్లు తక్కువ.

"ఇప్పుడు చెప్పండి. అదే మనిషి. ఈ పన్నెండూ ఎవరివి?" అన్నాడు.

నేను కావాలనే ఆ గడి వదిలేశానని వాడు కనిపెట్టాడో లేదో ఇప్పటికీ తెలియదు. నిజానికి ఆ నాలుగంకెల్లోనే అసలు సంగతంతా ఉంది. చేతకాని చేతికి మంచి కారు ఇచ్చేది 3 సెకన్లు, చేతనైన చేతికి అదే కారు ఇచ్చేది 12. అటునుంచి చూసినా అంతే. నేర్పు చిన్న కారులో 11 సెకన్లు తెస్తే పెద్ద కారులో 20 తెచ్చింది. ఇది వంతులు వేసి పంచుకునే ఆస్తి కాదు. ఒకటి పెరిగితే రెండోదాని విలువ కూడా పెరుగుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఇదే వాదన. ఫార్ములా వన్ దాకా వెళ్ళింది. అసలు మా ఇంట్లో దీనికి అంకురం 2005లోనే పడింది. ఆ ఏడాది జూన్ 19న ఇండియానపోలిస్‌లో రేసు. మొట్టమొదటి భారతీయ ఫార్ములా వన్ డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టులో నడుపుతున్నాడని, నాలుగేళ్ళ మావాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మరీ వెళ్ళాను. ఆ వారం ట్రాక్ చివర ఉన్న ఏటవాలు మలుపులో మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. రేసు మొదలయ్యే ముందు తిరిగే చుట్టు అవగానే ఆ టైర్లున్న 14 కార్లూ లోపలికి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే పరుగెత్తాయి. జనం బూతులు తిడుతూ సీసాలు ట్రాక్ మీదకి విసిరారు. కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. ఫార్ములా వన్‌లో అతనికి దక్కిన పాయింట్లు ఆ ఐదే. ఆ రోజు ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చింది డ్రైవరూ కాదు, కారూ కాదు, టైరు. మావాడికి ఇందులో గుర్తున్నది పాప్‌కార్న్ ఒక్కటే.

పై మెట్టు మీద కారుదే పెత్తనమని మావాడి వాదన. వాడి దగ్గర సాక్ష్యం గట్టిగానే ఉంది. జార్జ్ రస్సెల్ 2019 నుంచి విలియమ్స్ జట్టులో ఉన్నాడు. 2020 డిసెంబరు దాకా ఒక్క పాయింటూ లేదు. హామిల్టన్‌కి కోవిడ్ వచ్చి, బహ్రెయిన్‌లో ఒక రేసుకి అతని మెర్సిడెస్ రస్సెల్‌కి ఇచ్చారు. అలవాటు లేని కారు ఎక్కి, ఆ కారునే ఏళ్ళ తరబడి నడుపుతున్న బొటాస్‌కన్నా క్వాలిఫయింగ్‌లో 0.026 సెకను మాత్రమే వెనకబడ్డాడు. రేసులో చాలాసేపు ముందున్నాడు. జట్టువాళ్ళు పొరపాటున బొటాస్ టైర్లు తగిలించి, మళ్ళీ మార్చి, ఆ పైన ఒక టైరుకి గాలిపోయి, చివరికి తొమ్మిదో స్థానంలో వచ్చాడు. అంతకుముందు రెండేళ్ళలో లేని ప్రతిభ ఆ వారంలో ఊడిపడలేదు కదా! జెన్సన్ బటన్‌ని చూడండి, 2008లో హోండా జట్టులో ఏడాది మొత్తానికి 3 పాయింట్లు. ఆ జట్టే చేతులు మారి బ్రాన్ అయ్యాక, 2009లో మొదటి ఏడు రేసుల్లో ఆరు గెలిచి ఆ ఏడాది ఛాంపియన్ అయ్యాడు. ఇటువైపు అలొన్సో, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్, 2015లో నడవని ఇంజనున్న మెక్‌లారెన్‌లో కూర్చుని 17వ స్థానంలో మిగిలాడు.

నేనూ ఊరుకోలేదు. 1988లో మొనాకోలో సెనా, ప్రోస్ట్‌లవి ఒకే రకం మెక్‌లారెన్లు. ప్రోస్ట్ అప్పటికే రెండుసార్లు ఛాంపియన్. క్వాలిఫయింగ్‌లో సెనా అతనికన్నా 1.427 సెకన్లు ముందు. 2023లో రెడ్ బుల్ కారే కదా అన్నీ గెలిచిందంటారు, 22 రేసుల్లో వెర్స్టాపెన్‌వి 19 అయితే, పక్క గరాజులో అదే కారున్న పెరెజ్‌వి రెండు.

షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1950 నుంచి 2014 దాకా ఫలితాలన్నీ తీసుకుని ఈ తగువే తీర్చబోయారు, 2016లో ప్రచురించారు. డ్రైవరుకన్నా జట్టు ప్రభావమే బాగా ఎక్కువని, కాలం గడిచేకొద్దీ అది పెరిగిందని, ఊళ్ళోని వీధుల్లో జరిగే రేసుల్లో మాత్రం కాస్త తగ్గుతుందని తేల్చారు. గోడ చక్రానికి జానెడు దూరంలో ఉన్నప్పుడు మనిషి బయటపడతాడన్నమాట. నాకు ఇది సబబుగానే తోచింది. ఫార్ములా వన్‌కి వచ్చేసరికి చేతకానివాళ్ళంతా చిన్నప్పుడే జల్లెడలోంచి రాలిపోయారు. మిగిలినవాళ్ళ మధ్య తేడా సెకనులో పదో వంతుల్లో ఉంటుంది, కార్ల మధ్య తేడా అంతకన్నా ఎక్కువ. మావాడు తిరిగే ట్రాక్ మీద సంగతి దీనికి తలకిందులు. అక్కడ మనిషికీ మనిషికీ మధ్య 11 సెకన్లు. ఎక్కడ తేడా ఎక్కువుంటే గెలుపోటములు అక్కడే తేలతాయి. వాడు టీవీలో పై మెట్టుని చూసి, కింది మెట్టు మీద ఉండి కారు కొనబోతున్నాడు. నా పేచీ అంతే.

చీకటి పడ్డాక మావాడు ఉన్నట్టుండి, "మీరు అమెరికా రావడం డ్రైవింగా, కారా?" అని అడిగాడు. పది మైళ్ళ దాకా నేను మాట్లాడలేదు. నాకు త్రికోణమితి నేర్పింది మా అన్నయ్య. లెక్కల్లో వాడి ముందు నేను నిలిచేవాణ్ణి కాదు. నాన్న పోయాక పొలం, అప్పులూ వాడి నెత్తిన పడ్డాయి, ఇంజనీరింగు సీటు నాకు మిగిలింది. ఈ మాట మావాడికి చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో తెలియదు.

అన్నయ్య ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటున్నాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే మనవణ్ణి తీసుకుని వెళ్ళాడు. "ఈ కార్లకి చప్పుడే లేదేమిట్రా, ఈలేసినట్టుంది" అని ఫోన్‌లో ఫిర్యాదు. ఆ పోటీలో చట్రం, బ్యాటరీ అందరికీ ఒకటే; మోటారు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు మాత్రం ఎవరివి వాళ్ళు చేసుకుంటారు. ఆ రోజు గెలిచిన వెర్న్ దగ్గర, వెనకే తరుముకొస్తున్న కాసిడీ దగ్గరకన్నా తక్కువ కరెంటు మిగిలింది. ఆ కాస్తనీ పొదుపు చేసుకుంటూ చివరిదాకా దారివ్వలేదు. కార్లని దగ్గరదగ్గరగా ఉంచితే మనిషి పని కనిపిస్తుంది. మన అమెరికాలో 1970ల నుంచి 2006 దాకా ఐరాక్ అని ఒక పోటీ నడిచింది. రకరకాల రేసుల మొనగాళ్ళందరినీ పిలిచి ఒకేలాంటి కార్లు ఇచ్చేవాళ్ళు. అది ఆగిపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇక్కడితో ఆపేస్తే నేను నెగ్గినట్టే ఉంటుంది. కానీ ఆగస్టు సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆగస్టులో నా 2012 క్యామ్రీతో నేనూ పేరిచ్చాను. ముందు పంపే ఫారంలో "బ్రేకు ఫ్లూయిడ్ ఆరు నెలల లోపు మార్చారా?" అని ఒక ప్రశ్న. మార్చానని టిక్కు పెట్టాను. మార్చలేదు. ఆ కారు కొన్నాక ఎప్పుడూ మార్చలేదు. ఈ టిక్కు సంగతి మా ఆవిడకి ఈ వ్యాసం చదివాకే తెలుస్తుంది.

ఏం జరుగుతుందో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ట్రాక్ మీద ఎవరూ లేరు. ఒకటిన్నర టన్ను కారుని 100 మైళ్ళ నుంచి 50కి దింపితే, రెండున్నర సెకన్లలో పుట్టే వేడి మూడు లీటర్ల చల్లటి నీళ్ళని మరగబెట్టడానికి సరిపోతుంది. అలా చుట్టు చుట్టుకీ నాలుగైదు సార్లు. ఆ వేడి డిస్కుల్లోంచి ఫ్లూయిడ్‌లోకి పాకుతుంది. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నిబంధన. కానీ అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరితే ఆ నిబంధనే 140 డిగ్రీలకి దిగిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకి పోతుంది, కారు ఆగదు. కొత్తగా చేరిన ఇంజనీర్లకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే.

మూడో సెషన్‌లో, తిన్నటి రోడ్డు చివర, పెడల్ నేలకి పోయింది.

పక్క సీట్లో ఉన్నది అదే లెక్కల టీచరు. "తొక్కి వదులు, మళ్ళీ తొక్కు, తిప్పకు, నేరుగా పో" అన్నారు, గొంతు పెంచకుండా. తొక్కాను. మూడోసారికో నాలుగోసారికో కాస్త పట్టు దొరికింది. కారు గడ్డిలోకి దూసుకెళ్ళి, టైర్ల గోడకి నాలుగు కార్ల దూరంలో ఆగింది. కారుకి గీత కూడా పడలేదు. నా కాళ్ళు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారని. నిజం చెప్పాను. ఆ రోజుకి నన్ను మళ్ళీ ట్రాక్ మీదకి రానివ్వలేదు. నా పక్క సీట్లో ప్రాణం పెట్టి కూర్చున్న మనిషి ఆవిడ. క్షమాపణ ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

మర్నాడు సాయంత్రం మా గరాజులో మావాడు కారుని స్టాండ్ల మీదకి ఎత్తాడు. వాడు కింద స్పానరు పట్టుకుని, నేను సీట్లో కూర్చుని. "తొక్కండి. అలాగే పట్టుకోండి. వదలండి." కుడి వెనక చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే. సీసాలోకి దిగిన ఫ్లూయిడ్ కాఫీ డికాషన్‌లా ఉంది. మావాడు సీసా వెలుగుకి ఎత్తి చూసి, "మద్దెల ఓడే నాన్నా" అన్నాడు. సామెతలు అందవనుకున్నాను వాడికి.

ఆ అక్టోబరులో వాడు సివిక్‌లో 1 నిమిషం 59 సెకన్లకి వచ్చాడు. 1 నిమిషం 56 లోపు వస్తే పెద్ద కారు మాట మళ్ళీ ఎత్తుతానన్నాడు. సరేనన్నాను. ట్రాక్‌కి వెళ్ళే ముందు రోజు రాత్రి బ్రేకులు చూసుకోవడానికి మా ఇంటికి వస్తాడు. పెడల్ తొక్కే పని నాది.